పావుచెంబు నీళ్ళు

నగరి నేతగాళ్ళ వీధుల్లో యోగానందను అందరూ కళ్ళ డాక్టరనే పిలిచేవాళ్ళు. పిలిచిన ప్రతిసారీ ఆయన దిద్దేవాడు. "నేను డాక్టరు కాదప్పా. కండ్లు పరీక్ష చేసి అద్దాలు రాసిచ్చే ఆప్టోమెట్రిస్టును. జబ్బుండాదని అనుమానమొస్తే డాక్టరు దగ్గరికి తోలేవాణ్ణి, అంతే." విన్నవాళ్ళు బుద్ధిగా తలూపి "సరే డాక్టర్ సార్" అనేవాళ్ళు.

ఆయనది వడమాలపేట. చెరకు పండించే ఇల్లు. మద్రాసులో చదువు ముగించుకొని వచ్చిన రోజు వాళ్ళ నాయన, "కండ్లు చూసే చదువంట! చేను చూసే దిక్కు లేదు ఈడ" అన్నాడట. ఆ మాట చెప్పి ఆయనే నవ్వేవాడు. వారమంతా తిరుపతిలో ఒక కళ్ళద్దాల షాపులో పని. ఆదివారం వస్తే ఒక రేకుపెట్టె పట్టుకొని బస్సెక్కి, ఏదో ఒక ఊళ్ళో ఉచితంగా కళ్ళు పరీక్ష చేసేవాడు. మా నగరి వంతు ఏడాదికొకసారి, దసరా వెళ్ళాక వచ్చేది. నేనప్పుడు అక్కడి గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. పరీక్షలు మా పత్రికల గదిలోనే జరిగేవి కాబట్టి, వచ్చినవాళ్ళ పేర్లు రాసే పని నాకు పడింది.

తొంభై ఆరులో అలా రాసిన పేర్లలో కుప్పుస్వామిది ఒకటి. వయసు యాభై రెండు. వీధంతా పవర్లూముల మోత మొదలైనా ఇంకా గుంటమగ్గం మీదే చీరలు నేసే కొద్దిమందిలో ఆయనొకడు. వెంట భార్య దేవకమ్మ, తమ్ముడు మురుగేష్ వచ్చారు. కుప్పుస్వామి గోడమీది అట్టలో అక్షరాలన్నీ చదివాడు. అన్నిటికంటే కింద, చీమంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివేశాడు.

"మా అన్న కంటికేం కొదవ సార్," అన్నాడు మురుగేష్. "పక్కింటి చారులో ఉప్పు తక్కువైనా ఈన్నుంచే కనబడతాది."

గదిలో అందరూ నవ్వారు. యోగానంద కూడా నవ్వి, "మరెందుకొచ్చినావన్నా?" అని అడిగాడు.

"అంచు సార్," అన్నాడు కుప్పుస్వామి మెల్లగా. "కుడిపక్క అంచు కాడ పోగులు తప్పుతాండాయి. నడిమధ్యలో బుటా బాగానే వస్తాది. అంచుకు పోయేతలికి... పోగు మోసే నాడె చేతికి తగిలేదాకా యాడుండాదో తెలీదు."

యోగానంద ముఖంలో నవ్వు ఆగిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కొని, మోకాళ్ళు తగిలేంత ఎదురుగా కూర్చున్నాడు. కుప్పుస్వామి ఎడమ కన్ను మూయించి, తన కుడి కన్ను మూసుకున్నాడు. "నా ముక్కునే చూడన్నా. నా ఏళ్ళను ఎదక్కూడదు. పక్క నుంచి కనబడినప్పుడు ఎన్నో చెప్పు." చెయ్యి బార చాచి, వేళ్ళు ఆడిస్తూ పక్క నుంచి లోపలికి తెచ్చాడు. కుప్పుస్వామి మాట్లాడలేదు. చెయ్యి చెవిదాకా వచ్చింది. చెంపదాకా వచ్చింది.

"రెండు!" అంది వెనకనుంచి దేవకమ్మ.

"పరీక్ష నీకు కాదక్కా," అన్నాడు యోగానంద. మళ్ళీ నవ్వులు. కుప్పుస్వామి మాత్రం నవ్వలేదు. "ఏళ్ళు యాడుండాయి సార్?" అన్నాడు. అప్పటికి అవి ఆయన కంటి కొసకు జానెడు దూరంలో ఆడుతున్నాయి.

పుస్తకాల కొట్టుగదికి దుప్పట్లు కట్టి చీకటి చేసి ఉంచేవాళ్ళం. అక్కడ చిన్న దీపమున్న పనిముట్టుతో కంటిలోపలికి చూశాడు. తర్వాత నాకు చెప్పాడు: కంటి వెనక నరం మొదలు పళ్ళెంలా గుండ్రంగా ఉంటుందట, మధ్యలో చిన్న గుంట ఉంటుందట. ఆ గుంట వెడల్పయి పళ్ళెం అంచులు తినేస్తూ ఉంటే నరం చస్తున్నట్టు. ఆ పైన బల్లమీద పడుకోబెట్టి, కంటికి తిమ్మిరి మందు వేసి, బరువున్న చిన్న పరికరం ఒకటి గుడ్డుమీద నిలబెట్టాడు. దాని ముల్లు ఎంత తక్కువ కదిలితే కంట్లో ఒత్తిడి అంత ఎక్కువ. కుప్పుస్వామి కంటిమీద ముల్లు కదిలీ కదలనట్టుంది.

"ఈ జబ్బు దొంగది," అన్నాడు ఆ సాయంత్రం పెట్టె సర్దుకుంటూ. "చుట్టూ తింటా వస్తాది, నడిమి చూపును ఆఖర్న ముట్టుకుంటాది. అక్షరాలన్నీ చదివేవాళ్ళే దీనికి చిక్కేది. ఈన మగ్గం నేసేవాడు కాబట్టి అంచు పోయిందని తెలిసింది. ఇంకొకరైతే గోడకు గుద్దుకునేదాకా తెలీదు."

మరుసటి వారం ఆయనే వాళ్ళను తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అనుమానం నిజమైంది. డాక్టరు చుక్కల మందు రాసి, పొద్దునొకటి సాయంత్రమొకటి, బతికున్నన్నాళ్ళూ వెయ్యాలన్నాడు. బయట జనం వరసలో నిలబడి ఉన్నారు. ఇంతకంటే చెప్పే తీరిక ఆయనకు లేదు. విడమరిచి చెప్పే పని యోగానంద తనమీద వేసుకున్నాడు. అలా చెప్పడంలో ఆయనకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఏళ్ళ తరబడి అరగదీసి నునుపు చేసుకున్న మాటలవి. నేనూ ఎన్నోసార్లు విని మెచ్చుకున్నవే.

"దీన్ని నీటికాసులంటారక్కా. కంట్లో ఒక కొళాయి ఉండాది, ఒక తూము ఉండాది. కొళాయి కారతానే ఉంటాది. తూము పూడిపోయింది. నీళ్ళెక్కువై లోపలి నరాన్ని నొక్కేస్తాండాయి."

దేవకమ్మ శ్రద్ధగా విన్నది. "అయితే నీళ్ళు తక్కువైతే మేలేనా సార్?" అని అడిగింది.

"అదేక్కా! భలే పట్టుకున్నావు. నీళ్ళు తగ్గాల. అంతే కిటుకు."

మందు సీసా ఆమె చేతిలో పెట్టి, చుక్క ఎలా వెయ్యాలో చూపించి, వాళ్ళను బస్సెక్కించాడు. బాగా అర్థం చేసుకునే మనిషి ఇంట్లో ఉంటే సగం జబ్బు నయమైనట్టేనని ఆ తర్వాత నాతో అన్నాడు. నెలకు మళ్ళీ ఆసుపత్రికి రమ్మన్నారు. వెళ్ళారో లేదో ఆయనా అడగలేదు, అదే ఊళ్ళో ఉన్న నేనూ అడగలేదు. గ్రంథాలయానికి వచ్చినప్పుడు మురుగేష్ ఒకసారి, "మా వదిన అన్నను ఎండబెడతాంది సార్, ఇంక వడియాలు పెట్టుకునేదే బాకీ" అన్నాడు. వేళాకోళమనుకున్నాను. మురుగేష్ మాటలన్నీ అలాగే ఉండేవి.

తొంభై ఏడు దసరా వెళ్ళాక దేవకమ్మ భర్తను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. గడప దగ్గర ఆగి, "ఎత్తు ఉండాది, కాలెత్తు" అంది. కుప్పుస్వామి సగానికి సగమయ్యాడు. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి. పేరు రాసుకుంటూ, ఎండలో వచ్చారు కదా అని గ్లాసుతో నీళ్ళిచ్చాను. ఆయన గ్లాసు రెండు చేతులా పట్టుకొని, తాగకుండా భార్య గొంతు ఉన్న వైపు తిరిగాడు.

"వద్దు లైబ్రరీ సార్," అంది దేవకమ్మ. "పూటకు పావుచెంబే. పొద్దునది తాగేసినాడు."

యోగానంద తలెత్తాడు. "పావుచెంబేందక్కా?"

"మీరే కదా సార్ చెప్పింది! కంట్లో నీళ్ళెక్కువైనాయి, తగ్గించాలని. ఏడాదిగా కొలిచే ఇస్తాండాను. చారు మానిపించేసినా, మజ్జిగ మానిపించేసినా. ఆయన తాగకుండా ఉంటే నేను మాత్రం యాడ తాగేది? నాకూ పావుచెంబే." తప్పు చెయ్యని విద్యార్థి పంతులుకు పలక చూపించినట్టు చెప్పింది. "అయినా సూపు తగ్గిపోతానే ఉండాది సార్. ఇంకా తగ్గించాల్నా?"

యోగానంద లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. "మరి... సుక్కల మందు?"

"ఆ సీసా పది దినాలు ఏసినా. సూపు రాలేదు. తర్వాత నాకే అనుమానమొచ్చింది. కంట్లో నీళ్ళెక్కువని చెప్తిరి, మళ్ళా కంట్లోనే నీళ్ళు పోస్తే ఎట్లా? ఒకపక్క నోరు కట్టేసి ఇంకొకపక్క పోస్తే ఏం లాభం అని నిలిపేసినా."

గదిలో ఉన్నవాళ్ళెవరికీ ఇది వింతగా అనిపించలేదు. ఒకరిద్దరు ఆమె తెలివికి తలూపారు కూడా. నీటికాసులన్న మాటలో నీళ్ళే ఉన్నాయి. తూము పూడిన చెరువుకు నీళ్ళొదలడం మానేస్తారు. మా ప్రాంతంలో ఎవరికి చెప్పినా అలాగే అర్థమవుతుంది.

యోగానంద కుప్పుస్వామిని చీకటిగదిలోకి తీసుకెళ్ళాడు. చెయ్యి పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. కంటిలోపలికి చూసి, పనిముట్టు కిందపెట్టేశాడు. చూడాల్సిందేమీ మిగల్లేదు. గుంట పళ్ళేన్నంతా మింగేసింది.

కుప్పుస్వామి తడుముకుంటూ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "సార్. సుక్కలు ఏసింటే నిలిచేదా?"

యోగానంద ఆ చేతిమీద తన రెండో చెయ్యి వేశాడు. జవాబు కుప్పుస్వామికి అర్థమైంది.

"దానికి చెప్పొద్దు సార్," అన్నాడు కుప్పుస్వామి గొంతు తగ్గించి. "మందేసినా పోయేదే అని చెప్పండి. ముప్పై ఏండ్లు నాకు నూలు కండెలు సుట్టిన మనిషి. నా కోసం అదీ నోరు ఎండబెట్టుకునింది. రేత్రిళ్ళు నాలుక పిడచగట్టుకోని పోతే, నాకు తెలీకూడదని అటు తిరిగి పండుకునేది. నాకు తెలీదా? ఇప్పుడు పోయి, నువ్వే చేసినావని ఎట్లా చెప్తారు? కన్ను పోయింది, పోనీ. అది బతకొద్దా?"

బయటికొచ్చి యోగానంద దేవకమ్మ ముందు నిలబడ్డాడు. నేలను చూస్తూ అన్నాడు. "అక్కా, కొందరికి ఇంతే. మందేసినా నిలిచేది కాదు. ఇంక నీళ్ళకు భయం లేదు. ఎన్నైనా తాగనీ. నువ్వూ తాగు."

దేవకమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే, "మీరు శానా కష్టపడినారు సార్" అని చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండం చూడలేక ఆయన చీకటిగదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు మిగిలిన వాళ్ళను పరీక్ష చెయ్యడానికి ఆయన బయటికి రావడం చాలా ఆలస్యమైంది.

ఇంత వరకే అయితే ఇది ఇద్దరు మగవాళ్ళు కలిసి ఒక ఆడమనిషి మనసు కాపాడిన కథగా మిగిలేది. కానీ ఈ జబ్బు రక్తసంబంధంలో నడుస్తుంది. ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్ళందరినీ పరీక్ష చెయ్యాలి. యోగానంద మురుగేష్‌కు కార్డు రాశాడు. రాలేదు. ఇంకొకటి రాశాడు. మూడోది రాసి, తర్వాతి ఆదివారం తనే నగరికి వచ్చాడు. టీకొట్టు దగ్గర మురుగేష్ దొరికాడు.

"నాకేం సార్, నిక్షేపంగా ఉండాను," అన్నాడు మురుగేష్.

"మీ అన్నా అట్లే అనుకున్నాడప్పా. ఒక్క గంట కూర్చుంటే చాలు. ఉంటే ఇప్పుడే పట్టుకోవచ్చు."

"పట్టుకోని ఏం చేస్తారు సార్? మందేసినా పోయేదే అని మీరే కదా మా వదినకు చెప్పింది. వీధంతా తెలుసు. పోయేదాన్ని పోతాదని ముందే తెలుసుకోని ఏడవడమెందుకు? ఉన్నన్నాళ్ళు హాయిగా సినిమాలు చూస్తా." టీ గ్లాసు బల్లమీద పెట్టబోయాడు. అది అంచు మీద పడి దొర్లింది. "ఈ బల్లొకటి, యాడ పడితే ఆడ ఏస్తారు," అని నవ్వాడు.

యోగానంద ఆ గ్లాసునే చూస్తూ ఉండిపోయాడు. గ్రంథాలయానికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాక అన్నాడు: "ఒక మాటతో అన్నను పోగొట్టినాను. ఇంకొక మాటతో తమ్ముణ్ణి పోగొట్టబోతాండాను. నేను నోరు తెరవకుండా ఉంటే ఈ వంశానికి కన్నులుండేవేమో సార్." ఆయనే లేచి, "రండి, వాళ్ళింటికి పోదాం" అన్నాడు.

కుప్పుస్వామి వీధి తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. లోపల మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. గడప బయట దేవకమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. యోగానంద గొంతు గుర్తుపట్టి ఆయన లేవబోయాడు. యోగానంద ఆయన పక్కన కూర్చుని చెవిలో చెప్పాడు: మురుగేష్ రానంటున్నాడని, ఎందుకు రానంటున్నాడో కూడా. కుప్పుస్వామి తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్తాను వానికి. వేరే ఏదైనా చెప్తాను. దానికి మాత్రం..."

అంతలో మురుగేష్ వచ్చాడు. మా వెనకే బయల్దేరినట్టున్నాడు. "ఏం సార్, ఇంటిమీదికే వచ్చేసినారు? మీ కంటే పోలీసులే మేలు!" అంటూ మెట్టెక్కాడు. తిన్నె పక్కన నూలు కండెల బుట్ట ఉంది. దానికి కాలు తగిలి కండెలు రాళ్ళమీద దొర్లాయి.

కుప్పుస్వామి ముఖం ఆ చప్పుడు వైపు తిరిగింది. "ఏ కాలు?" అన్నాడు.

"ఏందన్నా?"

"ఏ కాలు తగిలింది రా? కుడి కాలేనా?"

"కుడిదే. అయితే ఏమి? బుట్ట అడ్డముండాది."

"బుట్ట ఆడనే ఉండాది. ఇరవై ఏండ్లుగా ఆడనే ఉండాది," అన్నాడు కుప్పుస్వామి. "నాకూ మొదట కుడి కాలే తగిలింది." ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "సార్. చెప్పేయండి."

యోగానంద నిలబడి చెప్పాడు. తిప్పి చెప్పలేదు, నునుపు చెయ్యలేదు. "అక్కా, నేను అబద్ధం చెప్పినాను. తాగే నీళ్ళకూ కంట్లో నీళ్ళకూ సంబంధం లేదు. సుక్కల మందు ఆపకుండా ఏసింటే, పోయింది రాకపోయినా ఉన్నది ఉండేది. నువ్వు తప్పుగా వినలేదు. నేను తప్పుగా చెప్పినాను. నువ్వడిగినప్పుడు అదే కిటుకు అంటిని. ఆ పాపం నాది."

దేవకమ్మ చేతులు చేటలోనే ఆగాయి. ఆమె యోగానందను చూడలేదు. భర్తను చూసింది.

"నీకు తెలుసునా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఆ పొద్దట్నించే."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ఏడుపు వినబడుతుందేమోనని మేమందరం తలలు దించుకున్నాం. కడవలో చెంబు ముంచిన చప్పుడు వినబడింది. అంచులదాకా నిండిన చెంబు, తొణకకుండా, రెండు చేతులా పట్టుకొని వచ్చింది. భర్త చేతులు తీసి చెంబుకు చుట్టింది.

"తాగు," అంది.

ఆయనకు దాహం లేదు. అయినా తాగాడు. ఆపకుండా, మెడమీదుగా చొక్కాలోకి కారుతున్నా, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఆమె ఖాళీ చెంబు తీసుకొని మరిదివైపు తిరిగింది. "మురుగేషూ, ఉతికిన సొక్కా ఏసుకో. పోదాం."

"వదినా, రేపు..."

"ఏసుకోమంటి కదా."

తిరుపతి పెద్దాసుపత్రిలో చూస్తే, మురుగేష్‌కు కుడి కంట్లో చుట్టూ కొంత పోయింది. ఎడమది బాగానే ఉంది. చుక్కల మందు వేస్తూ ఉంటే చాలన్నారు. ఆ వేసే పని ఎవరికీ ఇవ్వకుండా దేవకమ్మే తీసుకుంది. పొద్దున పాలు కాచగానే ఒకసారి, సాయంత్రం దీపం పెట్టగానే ఒకసారి, రెండిళ్ళ అవతల ఉన్న మరిది ఇంటికి వెళ్ళేది. పెళ్ళికి పోయినా, పండగొచ్చినా, ఇంట్లో జ్వరమొచ్చినా. "మా వదిన గడియారం కంటే అధ్వానం" అని మురుగేష్ గొణిగేవాడు. తర్వాత పదేళ్ళకు కూడా అతను బస్సు బోర్డులు చదువుతూ, టీకొట్లో వేళాకోళాలాడుతూ కనిపించాడు.

యోగానంద ఆ నీళ్ళ పోలిక మళ్ళీ వాడలేదు. కొళాయి, తూము అన్నీ వదిలేశాడు. ఎవరికి చెప్పినా నాలుగు ముక్కలు చెప్పి, "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు, ఇంటికి పోయి ఏం చేస్తావో" అనేవాడు. వాళ్ళు చెప్పిందంతా చివరిదాకా వినేవాడు. మురుగేష్‌కు మందు సీసా ఒకటి పెట్టెలో పెట్టుకొని, నగరికి నెలనెలా రావడం మొదలుపెట్టాడు. దేవకమ్మ ఆయన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. "తిట్టింటే బాగుండు సార్," అని నాతో రెండు మూడుసార్లు అన్నాడు.

మరుసటి వేసవిలో ఒక ఆదివారం మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. దేవకమ్మ అప్పుడే మురుగేష్ ఇంటినుంచి సీసా చేతిలో పట్టుకొని వస్తోంది. మమ్మల్ని కూర్చోమని, తిన్నె మీద ఉన్న భర్త దగ్గరికి వెళ్ళింది. ఆయన అలవాటైన వాడిలా తల వెనక్కి వాల్చాడు. ఆమె కింది రెప్ప లాగి, యోగానంద మొదటిరోజు చూపించినట్టే, కుడి కంట్లో ఒక చుక్క, ఎడమ కంట్లో ఒక చుక్క వేసింది. తర్వాత కనుకొలకును వేలితో అదిమిపట్టి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.

"పడిందా?" అన్నాడు కుప్పుస్వామి.

"పడింది," అంది.

ఆ కళ్ళకు ఏ మందూ ఏమీ చెయ్యదని ఆ వాకిట్లో అందరికంటే బాగా తెలిసినవాడు యోగానంద. ఇప్పుడు నువ్వు నాకు చెప్పు అని ఆమెను అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. ఆమె ఇచ్చిన చెంబెడు నీళ్ళూ తాగి, చెంబు బోర్లించి, వెళ్ళొస్తానక్కా అన్నాడు.

మరుసటి నెల నుంచి ఆయన పెట్టెలో ఆ ఇంటికి రెండు సీసాలు ఉండేవి.